చీటీకి రెండు ముఖాలు

పచ్చ కాన్వాసు సంచి, ఇత్తడి జిప్పు.
పైన ప్లాస్టిక్ గూట్లో ఒక చీటీ:
ఒకవైపు వాళ్ల ఊరు, తిప్పితే మా గ్రంథాలయం.
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగమంతా
ఆ చీటీని తిప్పడమే.

అలాస్కాలో ఈ దీవి మీద
రేవు దాటితే రోడ్డు ఆగిపోతుంది.
కొండల అవతల ముప్ఫై ఇళ్ల ఊళ్లు.
వారానికి రెండుసార్లు, గాలి ఒప్పుకుంటే,
ఆరుగురు పట్టే విమానం.
ముందు మందులు, తర్వాత ఉల్లిపాయలు, పసిపిల్లల డబ్బాపాలు,
చోటు మిగిలితే మనుషులు,
మనుషుల ఒళ్లో నా సంచులు.

నేనెప్పుడూ ఆ ఊళ్లకు వెళ్లలేదు.
విమానమంటే కడుపులో తిప్పు.
అయినా ఇన్నోకెంటి చూపు మందగిస్తోందని తెలుసు.
రెండేళ్లుగా పెద్దక్షరాలవే అడుగుతున్నాడు.
ఆక్సెన్యాకు నెల తప్పిందని
మొగుడికన్నా ముందు నాకే తెలిసిందేమో.
పీతల పడవ మీది కుర్రాడొకడు
విడాకుల చట్టం అడిగి,
మరుసటి వారం
"అక్కర్లేదు, వంటల పుస్తకం పంపండి" అన్నాడు.
ఆ సాయంత్రం వానలో
ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఇంటికి నడిచాను.

ఫెడోసియా మాత్రం పుస్తకాల పేర్లు రాయదు.
"చలికాలం లేని కథ ఒకటి."
"పోయినసారి దాంట్లో కుక్క చచ్చిపోయింది. ముందే చెప్పొద్దూ?"
తర్వాత ఒక అక్టోబరులో
"ఎవరూ పడవెక్కని పుస్తకం ఉందా మీ దగ్గర?"

అంతకు ముందు వారం రేడియోలో
తిరిగిరాని పడవ పేరు చెప్పారు.
పడవకు ఆవిడ పేరే పెట్టుకున్నాడు ఆ మనిషి.

మూడు రోజులు అరల మధ్య తిరిగాను.
ఎన్ని కథల్లో నీళ్లుంటాయో
అప్పటిదాకా లెక్క పెట్టలేదు.
చివరికి ఎడారిలో తేనెటీగలు పెంచే అక్కచెల్లెళ్లది పంపాను.
తిరిగొచ్చినప్పుడు నూట పన్నెండో పేజీలో
ఒక సాల్మన్ పొలుసు, గోరంత,
దీపం కింద వంచితే రంగులు.
అక్కడిదాకా చదివి ఆగిందో,
అక్కడే మళ్లీ మొదలెట్టిందో.
తీయలేదు. అలాగే అరలో పెట్టాను.

ఈ ఏడు పైనుంచి ఉత్తరం.
జూన్ నుంచి సంచులుండవు,
పుస్తకాలన్నీ ఇంటర్నెట్లో, వేలికొస చాలు.
కాదనను. ఇన్నోకెంటికి అందులో
అక్షరం ఎంతంటే అంత పెరుగుతుంది, నిజం చెప్పాలిగా.
కానీ తుఫాను రాగానే ఆ ఊళ్లో
ముందు పోయేది సిగ్నలే,
పుస్తకం కావాల్సిందీ సరిగ్గా అప్పుడే.

ప్రతి సంచిలో నోటీసు పెట్టాను:
ఇదే ఆఖరు, మే ముప్ఫైకల్లా తిప్పి పంపండి.

మే వెళ్లింది. జూన్ వెళ్లింది.
పదకొండు సంచులు రాలేదు.
ఒక్కరోజు ఆలస్యమైతే
క్షమాపణ రాసి పంపే మనుషులు!
కంప్యూటర్ ముందు కూర్చుని
పదకొండుసార్లు కొట్టాను:
తపాలాలో పోయింది. తపాలాలో పోయింది.
పైలట్ డెల్బర్ట్ చూస్తే కొట్లాటకొచ్చేవాడు.
ఒక్క కవరు పోగొట్టి ఎరగడు పాపం.

పన్నెండోది వచ్చింది.
ఫెడోసియాది. గడువుకు ముందే,
సంచి ఉతికి, జిప్పుకు మైనం రాసి.
లోపల ఆ తేనెటీగలే,
మూడోసారి తెప్పించుకున్నవి.
"మీ సొత్తు మీకు చేరింది కదా, లిగాయా గారూ."

ఒళ్లు మండింది నాకు
ఆవిడ నిజాయితీ మీద.

తాళాలు వేసే ముందు
పొలుసు ఎక్కడిదక్కడే ఉందో లేదో చూసి
జిప్పు లాగాను.
స్టాంపులు నా డబ్బుతో.
చీటీ తిప్పాను.

కంప్యూటర్ ఇంకా ఆర్పలేదు.
పన్నెండోసారి కొట్టాను.